బీడ్ గ్రిఫిత్స్ దగ్గరకు జనం ఎందుకు వెళ్లారు? శాంతివనంలో ఒక బెనెడిక్టైన్ సన్యాసి

తమిళనాడులో కుళిత్తలై పక్కన, కావేరి ఒడ్డున తన్నీర్‌పళ్లి అనే ఊరుంది. ఆ ఊళ్లో కొబ్బరిచెట్ల మధ్య ఉన్న శాంతివనం ఆశ్రమంలో 1968 నుంచి 1993 దాకా, పాతికేళ్లపాటు, ఒక ఇంగ్లిష్ సన్యాసి జీవించారు. పేరు బీడ్ గ్రిఫిత్స్. ఆయన ఫొటోలు చూస్తే తెల్లటి పొడవాటి గడ్డం, కావి బట్ట, చెప్పుల్లేని కాళ్లు కనిపిస్తాయి. చూసినవాళ్లకు వెంటనే వచ్చే సందేహం ఒకటే: ఈయన హిందువా, క్రైస్తవుడా? ఆయన గురించి జరిగిన వాదాలు కూడా ఎక్కువగా ఈ సందేహం చుట్టూనే తిరిగాయి.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. యూరప్ నుంచి, అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి అంతమంది రైళ్లు, బస్సులు మారి ఆ పల్లెటూరికి ఎందుకు వచ్చారు? వచ్చినవాళ్లకు ఆయన ఏమిచ్చారు? ఆయన రాసిన పుస్తకాల్లో తూర్పు పడమరల కలయిక గురించి పెద్ద పెద్ద సిద్ధాంతాలు ఉన్నాయి. వాటిలో కొన్ని ఈ రోజు నిలబడవు. ఆయన మనుషులను చేరదీసిన తీరు మాత్రం నిలబడింది. ఆ తీరును ఆయన ఇండియాకు వచ్చి నేర్చుకోలేదు. ఇంగ్లండ్ మఠంలో ఇరవై రెండేళ్లు గడిపినప్పుడే అది ఆయనకు అబ్బింది. అందుకే ఆయన్ని అర్థం చేసుకోవాలంటే కావి బట్ట కంటే ముందు బెనెడిక్ట్ నియమావళి దగ్గర మొదలుపెట్టాలి.

బెనెడిక్ట్ నియమావళిలో గురువు

కతోలిక సన్యాస సభలు అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేవి బడులు, కాలేజీలు, ఆస్పత్రులు నడిపే సభలు. జెస్యూట్లు, సలేషియన్లు ఆ కోవలోవాళ్లు. బెనెడిక్టైన్లు ఇంకో తరహా. వాళ్లకు ఫలానా పని అంటూ ఏమీ లేదు. ఒక మఠంలో చేరి, అక్కడే ఉండి, కలిసి ప్రార్థించి, కలిసి పనిచేసి, అక్కడే చనిపోవడం వాళ్ల జీవితం. ప్రపంచం మొత్తానికీ ఒకే అధికారి ఉండే సభ కూడా కాదు. ప్రతి మఠం దాదాపు స్వతంత్రం.

దీనికి మూలపురుషుడు ఇటలీలోని నూర్సియాలో సుమారు 480లో పుట్టిన బెనెడిక్ట్. రోమ్‌లో చదువు మధ్యలో వదిలేసి, సుబియాకో దగ్గర ఒక గుహలో మూడేళ్లు ఒంటరిగా ఉండి, తర్వాత మోంటె కసీనో కొండమీద మఠం కట్టారు. తన సన్యాసుల కోసం ఆయన రాసిన నియమావళిలో 73 చిన్న అధ్యాయాలు ఉన్నాయి. దివ్యదర్శనాలు, సమాధి స్థితులు అందులో వెతికినా దొరకవు. ఏ వేళకు లేవాలి, ఏ కీర్తన ఎప్పుడు పాడాలి, వంటింటి వంతులు ఎలా పంచుకోవాలి, రోజుకు ఎంత ద్రాక్షారసం తాగవచ్చు, ఇలాంటి విషయాలే ఉంటాయి. మఠం సామాన్లు చూసుకునేవాడు పారలనూ గిన్నెలనూ కూడా పూజాపీఠం మీది పాత్రల్లాగే చూసుకోవాలని 31వ అధ్యాయం చెబుతుంది. రోజువారీ జీవితమే సాధన అని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

ఇందులో మఠాధిపతికి చాలా అధికారం ఉంది. అయితే ఆ అధికారానికి కళ్లెం కూడా అదే పుస్తకంలో ఉంది. ముఖ్యమైన విషయం వచ్చినప్పుడు అందరినీ పిలిచి వినాలి, ఎందుకంటే మేలైన ఆలోచనను దేవుడు తరచు వయసులో చిన్నవాడికే తోపిస్తాడు అంటుంది 3వ అధ్యాయం. 64వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది. తుప్పు వదిలించాలని మరీ గట్టిగా గీకితే పాత్రే పగిలిపోతుంది, కాబట్టి జాగ్రత్త అని. బలవంతుడికి ఇంకా సాధించాల్సింది మిగిలేలా, బలహీనుడు భయపడి పారిపోకుండా ఉండేలా అన్నీ అమర్చాలట. మనసులో దాచుకున్న పాపాన్ని నలుగురి ముందు చెప్పనక్కర్లేదు, తన గాయాలనూ ఎదుటివాడి గాయాలనూ బయటపెట్టకుండా మాన్పగల పెద్దకు చెప్పుకుంటే చాలు అని 46వ అధ్యాయం.

మన గురుశిష్య సంప్రదాయంతో దీనికి పోలిక ఉంది, తేడా కూడా ఉంది. మన దగ్గర గురువు అనుభవమే ప్రమాణం. ఆయన పొందినదాన్ని శిష్యుడికి అందిస్తాడు. బెనెడిక్టైన్ పద్ధతిలో ప్రమాణం నియమావళి, బైబిల్. మఠాధిపతి కూడా వాటికి లోబడినవాడే. ఆయన పోతే ఇంకొకరిని ఎన్నుకుంటారు, దారి మారదు. మనిషి కంటే దారి పెద్దది. బీడ్ గ్రిఫిత్స్ విషయంలో ఈ రెండు పద్ధతులూ ఒకే మనిషిలో కలిశాయి. ఆయన గొప్పతనమూ ఆయన వల్ల వచ్చిన చిక్కులూ రెండూ అక్కడి నుంచే పుట్టాయని నా నమ్మకం.

ఆక్స్‌ఫర్డ్ నుంచి కావేరి దాకా

ఆయన అసలు పేరు అలన్ రిచర్డ్ గ్రిఫిత్స్. 1906 డిసెంబర్ 17న ఇంగ్లండ్‌లోని వాల్టన్ ఆన్ థేమ్స్‌లో పుట్టారు. బడి చదువు చివరి రోజుల్లో ఒక సాయంత్రం నడకకు వెళ్లి, పక్షుల పాట విని, పూసిన చెట్లు చూసి, మోకాళ్ల మీద పడిపోవాలనిపించేంత భక్తిభావం కలిగిందని ఆత్మకథలో రాసుకున్నారు. అప్పటికి చర్చి మీద ఆయనకు పెద్ద ఆసక్తి లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయనకు సాహిత్యం చెప్పినవారు సి. ఎస్. లూయిస్. గురువు, విద్యార్థి ఇద్దరూ ఇంచుమించు ఒకే కాలంలో, ఉత్తరాల్లో వాదించుకుంటూ, క్రైస్తవ విశ్వాసం వైపు నడిచారు. లూయిస్ 1955లో అచ్చయిన తన ఆత్మకథను ఈ పాత విద్యార్థికే అంకితమిచ్చారు.

1930లో ఆయన ఇద్దరు స్నేహితులతో కలిసి కాట్స్‌వోల్డ్స్ ప్రాంతంలో, ఈస్టింగ్టన్ అనే పల్లెలో ఒక పాత ఇల్లు తీసుకున్నారు. పారిశ్రామిక నాగరికత మనిషిని పాడుచేసిందని ముగ్గురి అభిప్రాయం. ఆవులను పెంచి పాలు అమ్ముతూ, కొవ్వొత్తి వెలుగులో బైబిల్ చదువుతూ బతకాలనుకున్నారు. ఆ ప్రయోగం ఏడాది కూడా సాగలేదు. కలిసి జీవించడానికి మంచి ఉద్దేశాలు చాలవని, ఒక క్రమం, ఒక సంప్రదాయం కావాలని ఆయనకు అక్కడే తెలిసొచ్చినట్టుంది. కొద్ది కాలానికే ఆయన కతోలిక శ్రీసభలో చేరి, ప్రింక్‌నాష్ బెనెడిక్టైన్ మఠంలో అడుగుపెట్టారు. బీడ్ అనే పేరు అక్కడ వచ్చింది. 1940లో గురుపట్టం పొందారు, అంటే కతోలిక ఫాదర్ అయ్యారు. 1947లో ఫార్న్‌బరో మఠానికి పెద్దగా పంపారు, కానీ మఠాన్ని నడిపించే పనిలో ఆయన రాణించలేదు. 1951లో స్కాట్లాండ్‌లోని ప్లస్కార్డెన్ మఠానికి మార్చారు.

భగవద్గీత, ఉపనిషత్తులు, ధమ్మపదం వంటి గ్రంథాల మీద ఆయన ఆసక్తి ఆ మఠం రోజుల్లో పెరిగింది. మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ పద్ధతిలో మనోవిశ్లేషణ చేసే ఒక స్త్రీ ద్వారా లండన్‌లో యోగం, ధ్యానం గురించి తెలుసుకున్నారు. ఇండియాకు వెళ్లాలన్న కోరిక అప్పటిదే. బెనెడిక్టైన్‌కు ఇది అంత తేలిక కాదు. చేరిన మఠంలోనే స్థిరంగా ఉంటానని మాట ఇస్తాడు కదా. మొదట అడిగినప్పుడు అనుమతి రాలేదు. చివరికి 1955లో, ఒక భారతీయ బెనెడిక్టైన్ సన్యాసితో కలిసి, బెంగళూరు దగ్గర కెంగేరికి వచ్చారు. నా ఆత్మలోని మిగతా సగాన్ని వెతుక్కోవడానికి వెళ్తున్నానని ఒక స్నేహితుడికి రాశారు.

కెంగేరిలో ఆయన పెట్టింది మామూలు యూరపియన్ మఠమే. అక్కడ నేల మీద కూర్చునేవాళ్ల మధ్య కుర్చీలూ బల్లలతో, తెల్లదొరల అలవాట్లతో బతకడం ఆయన్ని ఇబ్బంది పెట్టింది. 1958లో కేరళ కొండల్లో వాగమన్ దగ్గర కురిశుమల ఆశ్రమం మొదలైనప్పుడు అక్కడికి వెళ్లారు. దాన్ని నడిపింది బెల్జియం నుంచి వచ్చిన, బెనెడిక్ట్ నియమావళినే పాటించే సిస్టర్షియన్ సభ సన్యాసి ఫ్రాన్సిస్ ఆచార్య. కావి కట్టుకుని, శాకాహారం తింటూ, సిరియన్ క్రైస్తవ పద్ధతిలో ప్రార్థనలు చేస్తూ, పాడిపశువులను మేపుతూ పదేళ్లు ఉన్నారు. 1968లో ఇద్దరు యువ సన్యాసులతో శాంతివనానికి చేరారు.

శాంతివనం ఆయన కట్టింది కాదు

ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. ఆశ్రమాన్ని 1950 మార్చి 21న మొదలుపెట్టినవాళ్లు ఇద్దరు ఫ్రెంచివాళ్లు. ఒకరు జూల్ మోన్షనాఁ అనే కతోలిక ఫాదర్, ఇంకొకరు ఆంరి లెసో అనే బెనెడిక్టైన్. మార్చి 21 బెనెడిక్ట్ పండుగ రోజు కాబట్టి ఆ తేదీ ఎంచుకున్నారు. ఆశ్రమానికి సచ్చిదానంద ఆశ్రమం అని పేరు పెట్టారు. మోన్షనాఁ 1957లో పారిస్‌లో చనిపోయారు. లెసో 1949లో తిరువణ్ణామలైలో రమణ మహర్షిని చూసి చలించిపోయిన మనిషి. అరుణాచలం గుహల్లో నెలల తరబడి మౌనంగా కూర్చున్నారు. జ్ఞానానంద స్వామిని గురువుగా భావించారు. అభిషిక్తానంద పేరుతో ప్రసిద్ధులయ్యారు. ఆయన మనసు ఆశ్రమం నడపడంలో లేదు, హిమాలయాల్లో ఉంది. ఉత్తరకాశి దగ్గర కుటీరంలోకి వెళ్లిపోతూ శాంతివనాన్ని బీడ్ చేతుల్లో పెట్టారు. అప్పటిదాకా పద్దెనిమిదేళ్లలో ఆశ్రమంలో స్థిరంగా నిలిచిన సన్యాసుల బృందం ఏర్పడనే లేదు.

ఈ ఇద్దరు బెనెడిక్టైన్లను పక్కపక్కన పెట్టి చూస్తే బీడ్ ప్రత్యేకత తెలుస్తుంది. అద్వైతానుభవంలోకి లోతుగా దూకినవారు అభిషిక్తానంద. ఆ లోతులో తన క్రైస్తవ విశ్వాసం ఏమవుతుందోనన్న వేదన ఆయన డైరీల నిండా ఉంది. బీడ్ అంత దూరం దూకలేదు, అంతగా నలిగిపోలేదు కూడా. ఆయన తలుపు తెరిచి కూర్చున్నారు. అంతకుముందు నిలవని ఆశ్రమం ఆయన వచ్చాక నిలిచింది.

అక్కడి రోజు ఇలా సాగేది. తెల్లవారుజామున ఎవరి కుటీరంలో వాళ్లు ధ్యానం. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అందరూ కలిసి ప్రార్థన. ప్రార్థన సంస్కృత శ్లోకాలతో మొదలై, ఉపనిషత్తుల నుంచో గీత నుంచో ఒక భాగం, తమిళ భక్తి గీతాలు, ఆపైన బైబిల్ కీర్తనలు, సువార్త పఠనంతో సాగేది. పొద్దున గంధం, మధ్యాహ్నం కుంకుమ, సాయంత్రం విభూతి నుదుట పెట్టుకునేవారు. దివ్యపూజలో (కతోలికుల ముఖ్య ఆరాధనలో) నీళ్లు, పూలు, ధూపం, కర్పూర హారతి ఉండేవి. భోజనం నేల మీద కూర్చుని, చేత్తో, మౌనంగా. పగటిపూట టీ తాగే వేళలో అందరూ ఒకచోట చేరి మాట్లాడుకునేవారు. సాయంత్రం చీకటి పడేటప్పుడు మళ్లీ ధ్యానం. గుడికి గోపురం, గోపురం మీద త్రిత్వాన్ని సూచించే శిల్పం ఉన్నాయి.

రంగు, భాష, పూజాద్రవ్యాలు పక్కన పెట్టి చూడండి. వేళ ప్రకారం ప్రార్థన, పని, చదువు, మౌనంగా భోజనం. ఇది మోంటె కసీనో దినచర్యే.

సచ్చిదానందం, త్రిత్వం

ఆశ్రమం పేరులోనే అసలు సిద్ధాంతం ఉంది. సత్, చిత్, ఆనందం అన్న మూడింటినీ తండ్రి, కుమారుడు, పవిత్రాత్మలకు దగ్గరగా చదవడం బీడ్ మొదలుపెట్టింది కాదు. బెంగాల్లో కేశవ చంద్ర సేన్ 1882లోనే ఈ ఆలోచన చెప్పారు. బ్రహ్మబాంధవ్ ఉపాధ్యాయ్ అనే బెంగాలీ బ్రాహ్మణుడు కతోలికుడై, 1898లో వందే సచ్చిదానందం అనే సంస్కృత స్తోత్రం రాశారు. శాంతివనంలో పాడేది అదే.

బీడ్ దీనికి తన వివరణ జోడించారు. సత్ అంటే అన్నిటికీ ఆధారమైన ఉనికి, తండ్రి. చిత్ అంటే ఆ ఉనికి తనను తాను తెలుసుకోవడం, అదే వాక్కు, కుమారుడు. ఆనందం అంటే ఆ ఇద్దరి మధ్య ప్రేమ, పవిత్రాత్మ. ఇంతవరకు వినడానికి సులువుగానే ఉంది. చిక్కు తర్వాత వస్తుంది. శంకరుల అద్వైతంలో చివరికి రెండోది ఉండదు. బీడ్ అక్కడ ఆగి ప్రశ్న వేస్తారు: ప్రేమకు ఇద్దరు కావాలి కదా? దేవుడే ప్రేమ అయితే, ఆయనలో ఒకటైపోయాక కూడా ఏదో ఒక విధంగా సంబంధం మిగలాలి కదా? అందుకని ఆయన ద్వైతం కాని, మనిషి కరిగి మాయమైపోని ఒక ఐక్యత గురించి మాట్లాడారు. మనలో రామానుజుల విశిష్టాద్వైతం తెలిసినవాళ్లకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. తర్వాతి ఏళ్లలో ఆయన కాశ్మీర శైవం వైపు మొగ్గు చూపడానికి కూడా శివశక్తుల మధ్య ఉన్న ఆ సంబంధమే కారణం.

పోలిక అందంగా ఉంది కానీ ఇది నిరూపణ కాదు. సచ్చిదానందం వేదాంతంలో ముగ్గురు వ్యక్తులు కాదు, ఒకే బ్రహ్మం స్వరూపం. ఒక సంప్రదాయంలోని మాటను ఇంకో సంప్రదాయం అవసరానికి వాడుకుంటున్నప్పుడు అర్థం కొంత పక్కకు జరుగుతుంది. బీడ్‌కు ఇది తెలుసు. ఆయన అనుచరులు చాలామంది దీన్ని పట్టించుకోరు.

ఇంకో సిద్ధాంతం విషయంలో నేను ఆయనతో అసలు ఒప్పుకోలేను. పడమర అంటే తర్కం, పురుషతత్వం. తూర్పు అంటే అంతర్దృష్టి, స్త్రీతత్వం. ఈ రెండింటికీ పెళ్లి జరగాలి అని ఆయన వాదం. నాగార్జునుడి తర్కం, నైయాయికుల వాదాలు, పాణిని సూత్రాలు ఒక్కసారి చూసినవాళ్లెవరూ ఈ దేశాన్ని కేవలం అనుభూతుల దేశం అనలేరు. యూరప్‌తో విసిగిపోయిన మనిషి తనకు కావలసిన తూర్పును ఊహించుకున్నారనిపిస్తుంది.

వచ్చినవాళ్లతో ఆయన ఏం చేశారు

నియమావళి 53వ అధ్యాయం అతిథుల గురించి. మఠానికి వచ్చే ప్రతి ఒక్కరినీ సాక్షాత్తు క్రీస్తునే ఆహ్వానించినట్టు ఆహ్వానించాలి. మఠాధిపతే వాళ్ల చేతుల మీద నీళ్లు పోయాలి, కాళ్లు కడగాలి. కాళ్లకు నీళ్లివ్వడం మనింటి మర్యాద కూడా కాబట్టి తెలుగువాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అదే అధ్యాయంలో ఇంకో మెలిక ఉంది. పేదలనూ బాటసారులనూ ఇంకా శ్రద్ధగా చూడాలి, ధనవంతులకైతే భయం చేతనే మర్యాద దానంతటదే దక్కుతుంది అని.

1970ల్లో యూరప్, అమెరికా యువత గురువుల కోసం ఇండియా దారి పట్టింది. వాళ్లలో చాలామంది చిన్నప్పటి చర్చి మీద కోపంతో ఉన్నవాళ్లు. కొందరు మాదకద్రవ్యాల అనుభవాల తర్వాత వచ్చినవాళ్లు. అప్పట్లో కొన్ని ఆశ్రమాలు పెద్ద సంస్థలుగా ఎదుగుతున్నాయి. శాంతివనంలో అలాంటి హంగు ఏమీ లేదు. చిన్న గుడిసె, ఆ గుడిసె ముందు ఒక ముసలాయన. వెళ్లినవాళ్లు రాసిన జ్ఞాపకాల్లో ఒకే విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: ఆయన విన్నారు. తొందరపడకుండా, తీర్పు చెప్పకుండా, చెప్పేది పూర్తయ్యేదాకా విన్నారు. వెళ్లిపోయినవాళ్లకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు.

ఆయన ఇచ్చిన సాధన కూడా చాలా సాదాగా ఉండేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నిశ్శబ్దంగా కూర్చోవడం. తాను మాత్రం దశాబ్దాలుగా చేస్తూ వచ్చింది తూర్పు క్రైస్తవుల యేసు నామ జపం: ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు. దీక్ష, రహస్య మంత్రం, మెట్లుమెట్లుగా కోర్సులు ఏమీ లేవు. ఇండియాలో ఏదో కొత్త మతం దొరుకుతుందని వచ్చిన క్రైస్తవుల్లో చాలామంది, చివరికి తమ చిన్ననాటి విశ్వాసాన్నే ఇంకో వైపు నుంచి చూడగలిగి తిరిగి వెళ్లారు. ఉపనిషత్తులు చదివాక సువార్త కొత్తగా వినిపించిందని వాళ్లు రాశారు. మనుషులను తనకు కట్టేసుకోని గురువు అరుదు. బీడ్ ప్రభావంలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

జీవశాస్త్రజ్ఞుడు రూపర్ట్ షెల్డ్రేక్ ఉదాహరణ ఆసక్తికరం. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పంటల మీద పరిశోధన చేసిన ఆయన, తర్వాత శాంతివనంలో ఏడాదికి పైగా ఉండి తన తొలి పుస్తకం రాసుకున్నారు. 1981లో వచ్చిన ఆ పుస్తకాన్ని శాస్త్రవేత్తలు ఎక్కువమంది తిరస్కరించారు, ఆ సిద్ధాంతం మంచిచెడ్డలు వేరే చర్చ. ఇండియాలో హిందూ, సూఫీ మార్గాలు చూసిన షెల్డ్రేక్ మళ్లీ క్రైస్తవ విశ్వాసానికి దగ్గరవడంలో బీడ్ పాత్ర ఉందని ఆయనే చెప్పుకున్నారు.

మూడు వైపుల నుంచి అభ్యంతరాలు

హిందువుల్లో కొందరికి ఇదంతా మోసంగా కనిపించింది. సీతారాం గోయల్ 1988లో కతోలిక ఆశ్రమాల మీద ఒక పుస్తకమే తెచ్చారు. సిలువలో ఓంకారం చెక్కడం, కావి కట్టడం మతమార్పిడికి కొత్త వేషమేనని ఆయన వాదన. ఆ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 1606లో మధురైకి వచ్చిన ఇటలీ జెస్యూట్ రోబెర్తో దె నోబిలి సన్యాసి వేషం, తమిళం, తెలుగు, సంస్కృతం అన్నీ నేర్చింది అగ్రవర్ణాలను క్రైస్తవంలోకి తేవడానికే. బీడ్ మాత్రం మతం మార్చడం తన పని కాదని గట్టిగా చెప్పేవారు, ఆయన దగ్గరకు వచ్చిన జనాన్ని చూస్తే ఆ మాట నిజమనే అనిపిస్తుంది. అయినా గోయల్ ప్రశ్నల్లో ఒకటి న్యాయమైనది: కావి ఒక పరంపర ఇచ్చే వస్త్రం, ఆ పరంపరను అడగకుండా తీసుకోవచ్చా?

కతోలికుల్లో సంప్రదాయవాదులకు వ్యతిరేక భయం. విశ్వాసం కలగాపులగం అయిపోతుందని. నిజానికి కతోలిక బిషప్పులందరూ కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965లోనే ఇతర మతాల్లోని సత్యాన్నీ పవిత్రతనూ తిరస్కరించబోమని ప్రకటించింది. 1969లో భారత బిషప్పులు అడిగిన పన్నెండు మార్పులకు రోమ్ ఒప్పుకుంది. నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి, నూనె దీపాలు అందులో ఉన్నాయి. శాంతివనం ఆ పన్నెండుతో ఆగలేదు. 1989 అక్టోబర్‌లో తర్వాత పోప్ బెనెడిక్ట్ 16 అయిన కార్డినల్ రాట్జింగర్ సంతకంతో వాటికన్ నుంచి ధ్యానం మీద ఒక లేఖ వచ్చింది. యోగ, జెన్ వంటి పద్ధతుల్లో కలిగే శారీరక అనుభూతులను పవిత్రాత్మ అనుభవంగా పొరబడవద్దని అందులో హెచ్చరిక. బీడ్ ఆ లేఖను బహిరంగంగానే విమర్శించారు.

మూడో అభ్యంతరం ఈ రెండింటికంటే బరువైనది. తెలుగు క్రైస్తవులకు నేరుగా తగిలేది కూడా ఇదే. భారత క్రైస్తవుల్లో చాలా పెద్ద భాగం దళితులు. ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య వంటివాళ్లు మాదిగ పల్లెలు తిరిగి సువార్త చెప్పారు, 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది జ్ఞానస్నానం తీసుకున్నారు. వేదం వినడానికి కూడా అర్హత లేదని గెంటేసిన సమాజం నుంచి బయటపడాలని వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్ల మనవలకు సంస్కృత శ్లోకాలు, ఉపనిషత్తులు, కావి బట్టలే భారతీయత అని చెబితే ఎలా ఉంటుంది? 1980ల్లో రూపుదిద్దుకున్న దళిత దైవశాస్త్రం సరిగ్గా ఈ ప్రశ్నే అడిగింది. భారతీయ సంస్కృతి అంటే బ్రాహ్మణ సంస్కృతి ఒక్కటేనా అని.

దీనికి బీడ్ దగ్గర గట్టి జవాబు లేదు. చుట్టుపక్కల పేదలకు ఆశ్రమం సాయం చేసింది, పల్లెలో పనులు చేపట్టింది. సాయం వేరు, ప్రార్థనలో ఎవరి గొంతు వినిపిస్తుందన్నది వేరు. మనకు తెలుగులో ఇంకో దారి కూడా ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి కర్ణాటక రాగాల్లో, తేట తెలుగులో కీర్తనలు రాశారు. పల్లె చర్చిల్లో ఈనాటికీ తాళాలు వేసి పాడుతున్నారు. ఎవరూ దాన్ని ప్రయోగం అనలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. జనం పాడుకున్నారు. శాంతివనం పాశ్చాత్యులకు తెరిచినంతగా ఆ పల్లె చర్చిలవాళ్లకు తలుపు తెరవలేకపోయింది. పేదలను ఇంకా శ్రద్ధగా ఆహ్వానించాలన్న 53వ అధ్యాయాన్ని కొలమానంగా పెట్టినా ఈ లోటు కనిపిస్తుంది.

చివరి మూడేళ్లు

1990 జనవరి 25 తెల్లవారుజామున, గుడిసె వాకిట్లో ధ్యానంలో కూర్చున్న బీడ్‌కు పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆయనకు ఎనభై మూడేళ్లు. వారం రోజులు మాట్లాడలేదు. చనిపోతున్నాననుకుని అందుకు సిద్ధమయ్యారు. ఆ సమయంలో అమ్మకు లొంగిపో అన్న ప్రేరణ లోపల కలిగిందని, లొంగిపోగానే ప్రేమ అలలు అలలుగా ముంచెత్తిందని తర్వాత చెప్పారు. ఆ అమ్మ ఎవరంటే మరియమాత, భూమాత, తన తల్లి అంతా ఒకటైన రూపం అని ఆయన వివరణ.

అంతదాకా ఆయన బుద్ధితో బతికిన మనిషి. పుస్తకాలు, వాదాలు, పోలికలు. జబ్బు పడి లేచాక తనలో ప్రేమ అంతకుముందు ఎన్నడూ లేనంత పెరిగిందని అనేవారు. తెలియనివాళ్లను కూడా దగ్గరకు తీసుకునేవారు. ఈ మార్పు చూసినవాళ్లు ఆయన్ని గురువు అనడం ఇంకా ఎక్కువైంది. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా తిరిగి ప్రసంగాలు చేశారు. ఈ చివరి రోజుల్లోనే ఆయన రచనల్లో జాన్ మెయిన్ పేరు తరచుగా వస్తుంది.

జాన్ మెయిన్ కూడా బెనెడిక్టైనే. 1950ల్లో బ్రిటిష్ ఉద్యోగిగా కౌలాలంపూర్‌లో ఉన్నప్పుడు స్వామి సత్యానంద దగ్గర మంత్రంతో ధ్యానం నేర్చుకున్నారు. లండన్‌లో మఠంలో చేరగానే ఆ ధ్యానం మానేయమన్నారు, మానేశారు. చాలా ఏళ్ల తర్వాత ఐదో శతాబ్దపు జాన్ కాసియన్ రచనల్లో ఒకే ప్రార్థనా వాక్యాన్ని ఎడతెగకుండా జపించే పద్ధతి కనిపించింది. బెనెడిక్ట్ తన నియమావళిలో చదవమని సిఫారసు చేసిన రచయితే కాసియన్. అంటే ఆసియాలో నేర్చుకున్న పద్ధతికి దగ్గరిది తన సొంత ఇంట్లోనే, అటకమీద పడి ఉందన్నమాట. 1975లో ఆయన గృహస్థుల కోసం ధ్యాన బృందం మొదలుపెట్టారు, 1982లో చనిపోయారు. బీడ్ సిద్ధాంతం చెబితే జాన్ మెయిన్ పద్ధతి ఇచ్చారు. ఈ విషయం బీడ్ స్వయంగా ఒప్పుకుని, తన దగ్గరకు వచ్చినవాళ్లను ఆ పద్ధతి వైపు పంపేవారు. 1991లో అమెరికాలో జాన్ మెయిన్ పేరిట జరిగిన సదస్సులో ప్రధాన ప్రసంగాలు ఆయనవే. ఆ ఏడాదే ఆ ధ్యాన బృందాలన్నీ ఒక ప్రపంచ సమాజంగా ఏర్పడ్డాయి.

బీడ్ 1993 మే 13న శాంతివనంలో కన్నుమూశారు.

గురువుగా చూసినవాళ్లకు ఆయన పోవడం పెద్ద లోటైంది. ఆయనంత పేరున్న మనిషి శాంతివనానికి మళ్లీ దొరకలేదు. కానీ ఆయన 1980ల మొదట్లోనే ఒక పని చేసి పెట్టారు. సుమారు వెయ్యేళ్ల కిందట ఇటలీలో పునీత రోమువాల్డ్ మొదలుపెట్టిన కమాల్డోలీ బెనెడిక్టైన్ శాఖలో ఆశ్రమాన్ని కలిపారు. ఏకాంత సన్యాసానికీ సామూహిక జీవితానికీ ఒకేచోట వీలున్న శాఖ అది. దానివల్ల ఆశ్రమం ఒక్క మనిషి మీద ఆధారపడకుండా మిగిలింది. రోజుకు మూడుసార్లు ప్రార్థన జరుగుతూనే ఉంది, అతిథులు వస్తూనే ఉన్నారు. ఇళ్లల్లో ఉంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ నియమావళికి తమ శక్తి మేరకు కట్టుబడతామని మాట ఇచ్చే గృహస్థులను బెనెడిక్టైన్లు ఆబ్లేట్లు అంటారు. బీడ్ పుస్తకాలు చదివి, శాంతివనం ద్వారానో కాలిఫోర్నియాలోని కమాల్డోలీ మఠం ద్వారానో అలా చేరినవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్లు చేసేది పొద్దున, సాయంత్రం కొంతసేపు మౌనం, ఒక కీర్తన, రోజుకు కొద్దిగా బైబిల్ పఠనం. కొందరు దానితోపాటు గీతలో ఒక శ్లోకం కూడా చదువుకుంటారు.